మరియమ్మ పెట్టెకు కొత్త వాల్వులు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, పాత ఆంప్లిఫయర్‌లో ఔట్‌పుట్ వాల్వులు మార్చడం ఎలాగో చెప్పమంటారు. మార్చడానికేముంది, పాతది పీకి కొత్తది గుచ్చడమే. బల్బు మార్చడం వచ్చినవాడికి అదీ వస్తుంది. మార్చిన వాల్వు మళ్లీ ఎందుకు చచ్చిపోయిందో చెప్పమంటేనే అసలు పని మొదలవుతుంది.

నరసరావుపేటలో రేడియోలు, మైకు సెట్లు బాగుచేస్తూ బతికాను. కళ్లకు శుక్లాలు వచ్చి ఒక టంకం చుక్క రెండుగా కనబడటం మొదలయ్యాక షాపు కట్టేశాను. ఎవరి దగ్గర ఎన్నేళ్లు చేశాను, ఎప్పుడు సొంతంగా పెట్టుకున్నాను అనేవి మీకు పనికిరావు. పనికొచ్చేవి రెండు మూడే ఉన్నాయి. అవి చెబుతాను.

ముందు గాజు సంగతి

వాల్వు అన్నా ట్యూబు అన్నా ఒకటే. ఒక గాజు బుడ్డి. లోపల గాలి ఉండదు. నడుమ ఒక తీగ నిప్పులా వెలుగుతుంటుంది. దాని చుట్టూ సన్నటి తీగల జాలి, జాలి బయట నల్లటి రేకు. కాలిన తీగ నుంచి కంటికి కనపడని కరెంటు ఆ రేకు మీదికి పోతుంటుంది. ఎంత పోవాలో జాలి చూసుకుంటుంది. మైకు ముందు మనిషి మెల్లగా ఒక మాట అంటే ఆ మాట వచ్చి జాలిని కదుపుతుంది. అంతే, ఆ మాట ఊరు దాటి పొలాల్లోకి వినపడుతుంది.

జీవితమంతా చూశాను, నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. గాలి కూడా లేని చోటును దాటుకుని మనిషి గొంతు అంతదవుతుంది. ఆ బుడ్డి పైభాగాన లోపలి వైపు అద్దంలా వెండి పూత ఉంటుంది. గాజు ఎక్కడన్నా చిట్లి గాలి దూరితే ఆ అద్దం పాలలా తెల్లబడిపోతుంది. అలా తెల్లబడిన వాల్వును మీటరు పెట్టి చూడక్కర్లేదు, దండం పెట్టి పక్కన పెట్టడమే.

వినుకొండ నుంచి ఒక నాటకాల కంపెనీ ఆయన దసరా మర్నాడు అలాంటివి రెండు పట్టుకొచ్చాడు. ఆయుధపూజకు పెట్టె ఆన్‌లోనే పెట్టి, దీపాల్లా వెలుగుతున్నాయి కదా అని, ఒక్కోదానికి తడి పసుపు రాసి బొట్టు పెట్టాడట. వేడి గాజు మీద తడి వేలు పడితే ఏమవుతుందో మీకు తెలుసు. మా యజమాని ఆ వాల్వులను వెలుగులో పెట్టి చూసి, "పెట్టె చెక్కకి పెట్టినా అమ్మోరు కాదనదు గదయ్యా" అన్నాడు. ఆ నాటకాల ఆయన ఆ తర్వాత ప్రతి దసరాకూ పెట్టె చెక్కకే బొట్టు పెట్టి, వచ్చి మాకు చెప్పి మరీ పోయేవాడు.

మస్తాన్ బాబాయ్

ఆ యజమాని పేరు మస్తాన్. ఊళ్లో అందరూ మస్తాన్ సాయిబు అనేవాళ్లు. మా నాన్నకు స్నేహితుడు కాబట్టి నాకు బాబాయ్. ఐటీఐ చదివి సర్టిఫికెట్ చేతబట్టుకుని వెళితే, దాన్ని చూడకుండా నా చేతులు చూశాడు. "ఎడం చెయ్యి యాడ పెట్టుకుంటావురా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. లోపల మనిషిని చంపగల కరెంటు ఉన్న పెట్టెలో రెండు చేతులూ పెట్టినవాడి గుండెలోంచే ఆ కరెంటు దారి చూసుకుంటుంది. అందుకని ఆయన షాపులో ఎవరైనా సరే, ఎడమ చెయ్యి లుంగీ మడతలో దోపుకుని కుడి చేత్తోనే పని చెయ్యాలి. ప్యాంటు వేసుకొచ్చినవాడికి ముందు లుంగీ ఇచ్చేవాడు. ఆ అలవాటు నాకు ఎంతగా పట్టిందంటే, ఇప్పుడు భోజనం చేసేటప్పుడు కూడా నా ఎడమ చెయ్యి నడుము దగ్గరికే పోతుంది.

ఆయన గొప్ప పనివాడు. మంచి గురువు మాత్రం కాదు. ఏదైనా కీలకమైన చోటు వచ్చేసరికి మనకు వీపు పెట్టి చేసేవాడు. అడిగితే, "దొంగిలించి నేర్చుకున్నదే నిలుస్తదిరా" అనేవాడు. అది పనికిమాలిన సిద్ధాంతమని అప్పుడే అనుకున్నాను, ఇప్పుడూ అంటున్నాను. తెలిసింది దాచుకున్నవాడు పోయేటప్పుడు దాన్ని వెంట తీసుకుపోతాడు, ఎవరికీ ఉపయోగం లేదు. మీకు తెలిసింది పక్కవాడికి చెప్పండి. మీ గిరాకీ ఏమీ తగ్గదు.

అయితే ఒక్క విషయం మాత్రం ఆయన నోరు తెరిచి చెప్పేవాడు, వద్దన్నా చెప్పేవాడు. పెద్ద ఆంప్లిఫయర్లలో ఔట్‌పుట్ వాల్వులు జంటగా ఉంటాయి. శబ్దం ముందుకు పోయేటప్పుడు ఒకటి లాగితే, వెనక్కి వచ్చేటప్పుడు రెండోది లాగుతుంది. చాలామంది ఒక వాల్వు పోతే ఒకటే మార్చమనేవాళ్లు. "రెండోది బానే ఎలుగుతంది గదా" అనేవాళ్లు. మస్తాన్ బాబాయ్‌కి ఒళ్లు మండేది.

"మీ ఊళ్లో బండలాగుడు పందేలకి ఎడ్లను గడతారు గదా. ఒక ఎద్దు ముసల్ది, ఒకటి కోడె. కాడి గట్టి తోలు జూద్దాం. బండ కదలకముందే కాడి ఒంకర తిరుగుద్ది. కోడె మెడ కొట్టుకపోద్ది, ముసల్ది కూలబడుద్ది. ఎద్దుకి తెలిసిన నాయం నీకు తెలవదా?"

పల్నాడులో ఈ మాటకు ఎదురు చెప్పిన రైతును నేను చూడలేదు. జోడు మార్చమని ఒప్పుకుని పోయేవాళ్లు.

బొంతలో వచ్చిన పెట్టె

ఎనభైల నడుమ, ఎండాకాలం మొదలవుతున్న రోజుల్లో షాపు ముందు ఒక రిక్షా ఆగింది. నడివయసు ఆమె ఒకరు దిగి, రిక్షా అతను ఒకవైపు, తను ఒకవైపు పట్టుకుని బొంతలో చుట్టిన బరువైన మూటను లోపలికి తెచ్చారు. విప్పితే పాతకాలపు వాల్వు ఆంప్లిఫయర్. పెయింటు పోయిందిగానీ ఎక్కడా దుమ్ము లేదు. గురజాల వైపు నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట.

"ఏందమ్మా సంగతి?" అన్నాడు మస్తాన్ బాబాయ్.

"పెట్టెకి గొంతు పోతందయ్యా. మొదట్లో బానే ఉంటది. పిలవంగా పిలవంగా నాకు నేనే ఇనపడను."

"దేనికి వాడతన్నావు? పెళ్లిళ్లకా?"

"ఒకప్పుడు పెళ్లిళ్లకే. మా ఆయన మైకు సెట్టు తిప్పేవోడు. ఆయన పొయ్యాక క్వారీలో పెట్టుకున్నారు నన్నూ పెట్టెనీ. రాయి కాల్చేటప్పుడు పిలుత్తా."

ఆమె పేరు మరియమ్మ. సున్నపురాయి క్వారీలో బండకు బెజ్జాలు వేసి, మందు కూరి పేల్చడాన్ని అక్కడివాళ్లు రాయి కాల్చడం అంటారు. ముందుగా ఈల వేస్తారు, ఎర్రజెండా ఊపుతారు. అయితే ఆ క్వారీ గుంట లోపల మలుపు తిరిగి ఉంటుంది. మలుపు అవతల సమ్మెట కొట్టేవాళ్లకు ఈల వినపడదు, జెండా కనపడదు. అందుకని మరియమ్మ గట్టు మీద రేకుల షెడ్డులో మైకు ముందు కూర్చుని, లోపల పనిచేసే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది. వాళ్లు పైకి వచ్చి, భద్రమైన చోట వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద మూడు దెబ్బలు కొడతారు. బడిలో గంటకు కట్టే పట్టా ముక్క లాంటిదే. ఆ మోత వినపడితే ఇంకో పేరు. అందరూ పలికాక ఆమె ఫోర్‌మన్‌తో "ఇక కానియ్యి" అంటుంది. ఆ మాట రాకుండా ఎవరూ నిప్పు పెట్టకూడదు.

కాంట్రాక్టరు ఒక కొత్త ట్రాన్సిస్టర్ పెట్టె కూడా కొన్నాడట. క్వారీలో కంప్రెసర్ ఆన్ అయినప్పుడల్లా కరెంటు ఎగిరిపడేది, అది తట్టుకోలేక కాలిపోయింది. ఈ పాతదే మళ్లీ దిక్కయింది. దగ్గర్లోని మెకానిక్ ఒకాయన దీనికి రెండుసార్లు కొత్త జోడు వేశాడు. రెండుసార్లూ కొన్నాళ్లకే గొంతు పడిపోయింది. పెట్టెకు వయసైపోయిందని చెప్పి చేతులు దులుపుకున్నాడు.

"ఆఖర్న పిలిచినోళ్లకి నా గొంతు అందట్లా," అంది మరియమ్మ. "మొన్నామధ్య నిప్పు బెట్టబోతా ఉంటే మలుపు కాడ చీర కొంగు అగుపడింది. ఒకామె ఇంకా లోపలే ఉంది. నేను పిల్చా, ఆమెకి ఇనపళ్లా. పలికింది ఇంకెవురో, మోత నేనే పొరపాటు బడ్డా. ఇక అప్పట్నుంచి రోజూ వరస మార్చి పిలుత్తన్నా. ఇయ్యాల కొసాకున్నోళ్లని రేపు మొదట పిలుత్తా."

"అదెందుకు?" అన్నాను నేను.

"పడిపొయ్యే గొంతు రోజూ ఒకళ్లకే దక్కితే పాపం గదా నాయనా."

మస్తాన్ బాబాయ్ ఎవరికైనా ఎదురు మాట చెప్పకుండా ఉండే మనిషి కాదు. ఆ రోజు మాత్రం పెట్టెను బల్ల మీదికి జరుపుకుని, ఎడమ చెయ్యి మడతలో దోపుకున్నాడు.

హలో అంటే పలుకుద్ది

మా హారన్ స్పీకరును షాపు వెనక ఖాళీ స్థలంలో పెట్టి, తీగలు కలిపి ఆన్ చేశాం. వాల్వులు వేడెక్కాయి. బాబాయ్ మైకులో హలో హలో అన్నాడు. గట్టిగా, శుభ్రంగా వచ్చింది. మీటరు పెట్టి అన్నిచోట్లా చూశాడు. అన్నీ సరిగానే ఉన్నాయి.

"బానే ఉంది గదమ్మా."

"హలో అంటే పలుకుద్దయ్యా అది. నేను పేర్లన్నీ పిలిచిందాకా ఆపబాకండి."

ఇది రాసిపెట్టుకోండి. ఒక యంత్రం ఎంతసేపు పని చెయ్యాలో అంతసేపు పరీక్షించనివాడు దాన్ని పరీక్షించనట్టే. మెకానిక్ హలో అంటాడు, మనిషి పేర్లు పిలుస్తుంది. రెండూ ఒకటి కావు.

మరియమ్మ స్టూలు మీద కూర్చుని మైకు అందుకుంది. ఎదురుగా మా షాపు గోడ, గోడకు పాత రేడియోలు. ఆమె చూపు మాత్రం వాటిని దాటి ఎక్కడికో పోయింది. పిలవడం మొదలుపెట్టింది. అరుపు కాదు. ఒక్కో పేరునూ వాళ్ల గుమ్మం ముందు నిలబడి పిలిచినట్టు పిలిచేది. పిలిచాక ఆగేది. మాకు వినపడని మోతేదో ఆమె చెవికి వినపడేదాకా ఆగి, అప్పుడు తర్వాతి పేరు పిలిచేది. పక్కన కుట్టుమిషన్లు ఆగిపోయాయి. టీ కొట్టు దగ్గర వాళ్లు గ్లాసులు పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ పేర్లలో మాకు తెలిసిన మనిషి ఒక్కడూ లేడు. అయినా ప్రతి పేరుకూ ఎవరో ఒకరు పలికితే బాగుండునని నా ఒళ్లంతా ఎదురుచూసింది.

బాబాయ్ నాకు సైగ చేశాడు. తలుపు చెక్కలు దగ్గరికి వేశాను. షాపు మసక చీకటైంది. వాల్వులు రెండూ లోపల ఎర్రగా వెలుగుతున్నాయి, అది మామూలే. చూస్తుండగా కుడివైపు దాని నల్లటి రేకు మీద, ఎక్కడైతే ఎప్పుడూ ఏ రంగూ ఉండకూడదో అక్కడ, ఒక ఎర్రటి మచ్చ పుట్టింది. మెల్లగా పెద్దదైంది. మరియమ్మ గొంతు బొంగురుపోవడం మొదలైంది. ఆమె గొంతు కాదు, పెట్టె గొంతు.

"అదిగోనయ్యా," అంది ఆమె.

బాబాయ్ స్విచ్చి కట్టేశాడు.

చంపినవాడు

రేకు ఎర్రబడిందంటే లోపలి కరెంటుకు అదుపు లేకుండా పోయిందన్నమాట. ఇంకాసేపు వదిలితే ఆ వాల్వు చచ్చిపోతుంది. ఈ మాట ఏ మెకానిక్ అయినా చెబుతాడు, వెంటనే కొత్త జోడు గుచ్చుతాడు. ముందటి ఆయన చేసింది అదే. మస్తాన్ బాబాయ్ నాతో అన్న మాటను నేను నా షాపులో పనిచేసిన ప్రతివాడికీ చెప్పాను.

"చచ్చినోణ్ణి రెండుసార్లు మార్చారు. చంపినోణ్ణి పెట్టెలోనే ఉంచారు. ముందు ఆణ్ణి పట్టుకోరా."

జాలికి ఎప్పుడూ కాస్త మైనస్ కరెంటు ఉండాలి. అదే దాని అదుపు. ముందు ఉన్న చిన్న వాల్వు నుంచి శబ్దాన్ని తెచ్చి జాలికి అందించేది ఒక కండెన్సర్, ఒక్కో వాల్వుకు ఒకటి. అది శబ్దాన్ని మాత్రమే వదలాలి, వెనకున్న పెద్ద కరెంటును ఆపాలి. అది కారితే జాలి అదుపు తప్పుతుంది. చల్లగా ఉన్నప్పుడు మీటరు పెడితే ఈ పెట్టెలో రెండు కండెన్సర్లూ బాగానే ఉన్నాయి. ముందటి ఆయన మోసపోయింది అక్కడే. ఆయన్ని తప్పుపట్టను, ఆ రోజు మరియమ్మ లేకపోతే మేమూ అక్కడే ఆగేవాళ్లం.

బాబాయ్ ఈసారి వీపు తిప్పలేదు. మీటరు నా చేతికే ఇచ్చి జాలి దగ్గర పెట్టమన్నాడు. మళ్లీ ఆన్ చేశాం. ముల్లు మైనస్ వైపు నిలబడింది. మరియమ్మ పిలుస్తోంది. పెట్టె వేడెక్కింది. ఒక కండెన్సర్‌ను కుడి వాల్వుకు ఆనించినట్టే కట్టి ఉంది, ఆ సెగ దానికి తగులుతోంది. ముల్లు ఉన్నచోట ఉండకుండా కొంచెం కొంచెంగా కదిలి, సున్నా వైపు పాకడం మొదలుపెట్టింది. ఏ శబ్దమూ లేదు. గురజాలలో ఒక మనిషి ప్రాణం పోయేదాకా తెచ్చినది, కళ్ల ముందు ముల్లు కొనమీద అంత నెమ్మదిగా నడిచి వస్తుంటే మీటరు కదలకుండా పట్టుకున్నాను.

"దొరికాడు," అన్నాడు బాబాయ్.

రెండు కండెన్సర్లూ మార్చాం. నేను వాటిని పెట్టె చట్రం అడుగున, సెగ తగలని చోటికి జరుపుదామన్నాను. ఆయనకు నచ్చలేదు. కంపెనీవాడు పెట్టిన చోటు కదపడం ఆయన దృష్టిలో మహాపాపం.

"తయారు చేసినోడికి తెలవదంట్రా?"

"తయారు చేసినోడు గురజాల ఎండలో రేకుల షెడ్డు చూళ్లేదు గదా బాబాయ్."

కాసేపు గడ్డం గోక్కుని, "సరే తగలడు" అన్నాడు. నా పనికి ఆయన దగ్గర నేను అందుకున్న మెప్పు అదే. చాలదా అంటే చాలింది.

అప్పుడు ఆయన బీరువా పైనుంచి ఒక బిస్కెట్ డబ్బా దించాడు. ఊకలో పాతిపెట్టి రెండు వాల్వులు. తన సొంత పెట్టెకని ఎప్పుడో ఏరి దాచుకున్న జోడు అది. ఆయన వాటిని ముట్టుకోవడం నేను అంతవరకూ చూడలేదు. రెంటినీ గుచ్చి ఆన్ చేసి, పెన్సిలుతో ఒక్కోదాన్ని మెల్లగా తట్టి, హారనులో గలగల రాలేదని చూశాడు. తర్వాత రెంటిలో పోయే కరెంటు కొలిచాడు. మీటరు ముల్లు మొదటిదానికి ఎక్కడ నిలబడిందో రెండోదానికీ అక్కడే నిలబడింది.

"ఒక దొడ్లో పుట్టినయ్యి," అన్నాడు ముచ్చటగా.

మరియమ్మ ఆ సాయంత్రం అన్ని పేర్లూ మళ్లీ పిలిచింది. ఆమెకు గొంతు అలిసిపోతే బాబాయే మైకు తీసుకున్నాడు. గుర్తున్న పేర్లు పిలుస్తుంటే ఆమె పక్కనుంచి దిద్దింది. "అట్టా గద్దించబాకయ్యా, ఆయన పెద్దోడు, భయపడతాడు" అంది. బాబాయ్ గొంతు తగ్గించి మళ్లీ పిలిచాడు. రేకులు నల్లగానే ఉన్నాయి.

క్వారీ దగ్గర

మర్నాడు పెట్టెతో పాటు నన్నూ పంపాడు. బస్సు దిగి క్వారీ గట్టెక్కాక మరియమ్మ అడిగిన మొదటి మాట, "నీ పూర్తి పేరేంది నాయనా?"

"దానం అనండి, చాలు."

"చాలదు. మాలో ఇద్దరు దానాలున్నారు. ఈ గట్టెక్కినోళ్లు ఎవురైనా సరే, వరసలో ఉండాల్సిందే."

"కొండేటి దేవదానం."

ఆమె ఒకసారి పెదవుల మధ్య అనుకుని తలాడించింది. నేను తీగలు కలపడంలో పడి ఆ సంగతి మర్చిపోయాను.

గట్టు అంచున నిలబడి చూస్తే గుంట నిలువునా తెగి ఉంది. అడుగున మనుషులు చిన్నగా కనపడ్డారు. ఇంతమంది పైకి రావడం ఒక గాజు బుడ్డిలో వెలిగే తీగ మీద ఆధారపడి ఉందని అప్పుడు తెలిసింది. షాపులో ఉన్నంతకాలం నేను శబ్దాన్ని బాగుచేస్తున్నాననే అనుకునేవాణ్ణి.

మధ్యాహ్నం దాటాక మందు కూరడం పూర్తయింది. ఈల వేశారు. మరియమ్మ మొదలుపెట్టింది. హారన్ల నుంచి పేరు బయలుదేరి, ఎదుటి బండకు తగిలి, మలుపు తిరిగి లోపలికి పోయేది. కాసేపటికి మనుషులు పైకెక్కి వచ్చేవాళ్లు. పట్టా ముక్క ఖణేల్‌మని మూడుసార్లు మోగేది. పేరు, మోత. పేరు, మోత. నేను వాల్వుల పక్కన కూర్చుని, ఎండ పడకుండా తువ్వాలు అడ్డం పట్టుకుని రేకులనే చూస్తున్నాను.

"నాసరయ్యా," అని ఆఖరి పేరు పిలిచింది.

మోత లేదు.

మళ్లీ పిలిచింది. లేదు. అప్పటికే పడమటి వైపు నల్లగా మబ్బు పట్టింది, దూరంగా ఉరిమింది. ఫోర్‌మన్ కోటయ్య షెడ్డులోకి వచ్చాడు.

"నాసరయ్య రాలేదమ్మా ఇయ్యాల. జరమని నిన్న ఊరెళ్లాడంట."

"అంట అంటే కాదు. ఎల్లడం ఎవురు జూశారు?"

కోటయ్య బయటికెళ్లి అడిగొచ్చాడు. వెళ్లాడని అందరూ అన్నారు, చూసినవాడు ఒక్కడూ లేడు. "మరియమ్మా, మందు కూరి ఉంది. పిడుగు బడితే అదే పేలుద్ది, మనోళ్లు ఎవుర్నీ దగ్గరికి పంపలేను. మబ్బు మీదికి రాకముందే కాల్చెయ్యాల. నా మాట ఇను." కోటయ్య చెడ్డవాడు కాదు. ఆయన భయమూ నిజమే.

"పలకలా గదన్నా," అంది ఆమె. "పలకనోడు లేనట్టు కాదు."

ఆమె పిలుస్తూనే ఉంది. నిన్నటి వాల్వులైతే ఈపాటికి గొంతు పడిపోయేది. ఆ పేరు మలుపు దాకా పోకముందే రాలిపోయేది. నేను రేకుల మీదినుంచి కన్ను తియ్యలేదు. ఉన్నట్టుండి గాజు లోపలి గోడ మీద నీలంగా మెరుపు కనపడింది. చెయ్యి స్విచ్చి వైపు పోయింది. అప్పుడు బాబాయ్ మాట గుర్తొచ్చింది. రేకుల నడుమ నీలం పొగలా ఉంటే లోపల గాలి చేరినట్టు. గాజు గోడకు అంటుకుని ఉంటే వాల్వు నిండు ప్రాణంతో ఉన్నట్టు. ఇది గోడ మీదే ఉంది. ఆమె నాసరయ్యా అన్నప్పుడల్లా ఆ నీలం వెలిగేది, ఆగినప్పుడు తగ్గేది. ఒక మనిషి కోసం ఇంకో మనిషి పడే ఆరాటం కంటికి కనపడటం నేను అక్కడే చూశాను. మళ్లీ ఎక్కడా చూడలేదు.

మరియమ్మ పిలుపు మార్చింది. "నాసరయ్యా, నేను మరియమ్మక్కని. అన్నం దిన్నావా? ఒంట్లో బాలేకపోతే లెయ్యబాక. చేతికందింది తీసుకుని బండ మీద కొట్టు. ఒక్కసారి కొట్టు, చాలు."

గాలి ఆగింది.

టక్కు.

పట్టా ముక్క మోత కాదు. రాయి మీద రాయి. పైనుంచి రాలేదు, గుంటలోంచి వచ్చింది. మళ్లీ టక్కుమంది. మందు కూరిన బండకు కాస్త ఇవతల, దాని అడుగునున్న గూటిలోంచి.

కోటయ్య ఇంకెవరినీ పంపకుండా తనే దిగాడు. వెనక ఇద్దరు ముగ్గురు ఆగమన్నా ఆగకుండా దిగారు. అంతసేపూ మరియమ్మ మైకు వదల్లేదు. "వత్తన్నారు నాసరయ్యా, వత్తన్నారు" అంటూనే ఉంది. ఊరికి పోలేక, జ్వరంతో ఒళ్లు తెలియక ఆ గూటి నీడలో పడుకున్నవాణ్ణి కోటయ్య భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. తెచ్చి గట్టు మీద పడుకోబెట్టి, తనూ పక్కనే కూలబడ్డాడు. ఎవరి మొహమూ చూడలేదు.

పట్టా ముక్క దగ్గరికి నాసరయ్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, వాడి చేతే మూడు దెబ్బలు కొట్టించారు. అప్పుడు మరియమ్మ, "ఇక కానియ్యన్నా" అంది.

కొండ కడుపులోంచి లేచినట్టు పేలింది. కాళ్ల కింద నేల కదిలింది. నేను రెండు వాల్వుల మీదా చేతులు అడ్డం పెట్టాను. ఎడమ చెయ్యి మడతలో పెట్టుకోవాలని కూడా గుర్తులేదు. దుమ్ము లేచి, నిలిచి, మెల్లగా అణిగింది. వాల్వులు వెలుగుతూనే ఉన్నాయి.

పనైపోయిందనుకుని స్విచ్చి దగ్గరికి చెయ్యి పెట్టబోతే మరియమ్మ ఆపింది. పేలిన తర్వాత కూడా అందరినీ మళ్లీ పిలవాలట. ఎవరికి ఏ రాయి తగిలిందో తెలియాలి కదా. ఈసారి నాసరయ్యతో మొదలుపెట్టింది. మోగింది. ఒక్కొక్కరూ పలికారు. అందరూ అయిపోయారనుకున్నాక ఆమె మళ్లీ మైకు దగ్గరికి వంగింది.

"కొండేటి దేవదానం."

నా పేరు హారన్ల నుంచి వెళ్లి, ఎదుటి బండకు తగిలి, గుంటంతా తిరిగి నా దగ్గరికే వచ్చింది. బతికి ఉన్నావా అని నన్ను అంత గట్టిగా, అంత మెత్తగా అడిగినవాళ్లు అంతవరకూ లేరు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. షెడ్డు ఇనుప స్తంభం మీద మూడు దెబ్బలు కొట్టాను.

ఆమె నా వైపు చూడలేదు. "అందరూ పలికారు," అని మైకులో చెప్పి స్విచ్చి కట్టేసింది. ఆ వాల్వులు చల్లారేదాకా నేను అక్కడే కూర్చున్నాను.